యంత్రం వంచలేని మూలలు

ఆ ఊళ్ళో ఆమె గొంతు విన్నవాళ్ళు తక్కువ. ఆమె రాత చదవనివాళ్ళు మాత్రం లేరు.

జిమ్ము ముఖాన ఉన్నది ఆమె రాతే. హెల్మెట్ల దుకాణం మీదా అదే. బ్యాటరీ స్కూటర్ల షోరూము అద్దానికి అడ్డంగా, వీడియో గేముల సెంటరు మెట్లకు పైన, డాన్సు నేర్పే హాలు తలుపు మీద, మలుపు తిరగ్గానే కనిపించే సినిమా పోస్టరు మీద అవే అక్షరాలు. లావుగా, బిగువుగా, ఎక్కడా వంపనేది లేకుండా, ఇనుప కడ్డీలు విరిచి పేర్చినట్టు, ఇంకా రాని కాలంలోంచి ఎవరో ఇటు విసిరినట్టు ఉంటాయి. మన అక్షరాలు పుట్టుకతో గుండ్రటివి. వాన చుక్క నేల మీద పడ్డప్పటి ఆకారాలు. ఆమె దగ్గరికి వచ్చేసరికి ఆ చుక్కలు గడ్డకట్టి అంచులు తేలాయి. సున్న ఆరు పలకల నట్టు అయింది. తలకట్టు మెరుపు ముక్కయింది. కొమ్ము ఈటె మొనయింది. ప్రతి అక్షరమూ కాస్త ముందుకు వాలి, ఎవరో వెనక తరుముతున్నట్టు పరుగు మీద ఉంటుంది.

బోర్డు కింద దాన్ని కట్టిన వర్క్‌షాపు పేరుంటుంది గానీ, అక్షరం గీసిన మనిషి పేరుండదు. ఉండాలని ఆమెకూ ఎప్పుడూ తోచలేదు.

ఆ బోర్డుల వర్క్‌షాపులో ఆమెను స్కేలు మేడమ్ అనేవారు. చెవి వెనక పెన్సిలు, చేతిలో ఉక్కు స్కేలు లేకుండా ఆమెను చూసినవాళ్ళు లేరు. యాభైకి దగ్గర పడింది. పెళ్ళి మాట ఒకప్పుడు వచ్చింది, పోయింది. అమ్మ మంచాన పడ్డ ఏళ్ళలో ఆ మాట ఎత్తేవాళ్ళు కూడా పోయారు. చివరికి అమ్మా వెళ్ళిపోయాక, రెండు గదుల వాటాలో ఏ గిన్నె పెట్టిన చోట ఆ గిన్నె ఉండిపోవడం మొదలైంది. దుప్పటి తను మడిస్తేనే మడతపడేది. కుర్చీ తను జరిపితేనే జరిగేది. సాయంత్రం ఎదుటి జిమ్ము బోర్డు వెలగగానే ఊదారంగు వెలుతురు కిటికీలోంచి వచ్చి గోడ మీద పడేది. ఆ వెలుతురులో తన అక్షరాలే తిరగబడి, సాగి, ఎవరికీ రాని భాషలో కదిలేవి. ఆమె వాటికేసి చూస్తూ అన్నం తినేది.

ఆదివారాల్లో వదిన ఫోను చేసేది.

"నీ రాత మా ఊరిదాకా వచ్చిందే. ఇక్కడ సెల్‌ఫోన్ల షాపు మీద చూశాను."

"ఎలా ఉంది వదినా?"

"ఎలా ఉంటుంది, ముళ్ళకంచెలా ఉంది. దాని మీద బట్టలారేస్తే పీలికలే. అయినా ఇంత మెత్తని మనిషివి, అంత కరుకు ఎక్కణ్నుంచి వచ్చిందే నీకు?"

ఆమె నవ్వి ఊరుకునేది. ఎక్కణ్నుంచి వచ్చిందో ఆమెకు తెలుసు. ఒక మనిషిని వెళ్ళిపోకుండా పట్టుకోవడానికి మొదలైన కరుకు అది. చెబితే వదిన నమ్మదు. నమ్మితే ఇంకేదో అనుకుంటుంది. అది ఆ ఇంకేదో కాదు.

ఆ మనిషి వంపుల బాబాయి.

వెలిగే అక్షరాన్ని తయారుచేయడంలో ఒక వరస ఉంది. ముందు అక్షరం ఆకారంలో తెల్లటి ప్లాస్టిక్ పలక కోస్తారు. దాని అంచు పొడుగునా, నాలుగు వేళ్ళ వెడల్పున్న అల్యూమినియం పట్టీని నిలబెట్టి గోడ కడతారు. గోడల మధ్య దీపాలు అమరుస్తారు. పలక కోయడం నేర్పితే ఎవరికైనా వస్తుంది. ఆ పట్టీని అక్షరం చుట్టూ, దాని మనసు నొప్పించకుండా నడిపించడమే విద్య. చేత్తో, పట్కారుతో, నున్నటి చెక్క దిమ్మెలతో ఆ పని చేసేవాడు ఆ వర్క్‌షాపులో బాబాయి ఒక్కడే. పొట్టి మనిషి. నుదుటి మీద కళ్ళద్దాలు, జేబునిండా పేలప్పిండిలా అల్యూమినియం రజను. ఎవరికీ సొంత బాబాయి కాదు, అందరికీ బాబాయే.

"అక్షరమంటే ఇల్లమ్మా," అనేవాడు. "పటం నువ్వు గీస్తావు, గోడలు నేను కడతాను, కాపురం కరెంటు చేస్తుంది."

పొద్దున్నే ఆమె కాగితం పట్టుకుని ఆయన బల్ల దగ్గరికి వెళ్ళేది. ఆయన బొటనవేలితో గీత వెంబడే ఒకసారి నడిచి వచ్చేవాడు, చేను గట్టు చూసుకునే రైతులా.

"ఇదేంటమ్మా, ఈ 'ర'కి నడుం ఇంత సన్నం చేశావు? తిండి పెట్టట్లేదా?"

"మీ బల్ల మీదికొస్తే మీరే పెడతారుగా బాబాయ్."

"పెడతా, పెడతా. పోయినసారి 'ఖ'కి పెట్టి పెట్టి నా నడుం పడిపోయింది. దానికి మాత్రం దిష్టి తగలాలి, అంత బలిసింది."

రోజు మొత్తానికి ఆమె పలికే మాటల్లో ముప్పాతిక ఆ బల్ల దగ్గరే ఖర్చయ్యేవి. మిగతా పాతికలో బస్సు కండక్టరు, కూరలమ్మే ఆవిడ, వాటా యజమాని ముగ్గురూ సర్దుకునేవారు.

అలా ఉండగా యంత్రం వచ్చింది.

బీరువా అంతది. ఒక పక్కనుంచి పట్టీ చుట్టను మింగుతూ, ఇంకో పక్కనుంచి అక్షరం గోడను బయటికి తోసేది. ఓనరు దాని చుట్టూ పెళ్ళికొడుకు తండ్రిలా తిరిగాడు. మంచివాడే, కాకపోతే ఏ మాటైనా రెండుసార్లు అనందే తృప్తి ఉండదు.

"చూశారా మేడమ్, చూశారా! వెన్న, వెన్న! బాబాయ్, ఇంక మీకు విశ్రాంతి. విశ్రాంతి!"

బాబాయి నవ్వాడు. అది ఏ రకం నవ్వో ఆమె ఆగి చూడలేదు. ఆమె చెవుల్లో విశ్రాంతి అన్న మాటే గింగురుమంటోంది. యంత్రం నిజంగానే గుండ్రటి అక్షరాలను వెన్నలా వంచింది. ప్రతి వంపూ నున్నగా, ఒకేలా వచ్చింది. ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళాక ఆమె దీపం వేయకుండా చాలాసేపు కూర్చుంది. పొద్దున్నే కాగితం పట్టుకుని ఎవరి దగ్గరికీ వెళ్ళనక్కర్లేని ఒక రోజును ఊహించుకుంది. ఆ రోజు చివరిదాకా తెల్లటి గోడలా కనిపించింది. దానికి గుమ్మం లేదు.

ఆ వారంలోనే వీడియో గేముల సెంటరు పెట్టేవాడొకడు వచ్చాడు.

"రేపటి అక్షరాలు కావాలి మేడమ్. ఇవాళ్టివి వద్దు."

"రేపటివి ఇవాళే ఇస్తాం, ఇవాళే ఇస్తాం," అన్నాడు ఓనరు.

ఆమె బల్ల ముందు కూర్చుని మొదటిసారి వంపు విరిచింది. అర్ధచంద్రం ఉండాల్సిన చోట మూడు గీతలు పెట్టింది. గీతకూ గీతకూ మధ్య సందు ఇరుకు చేసింది. చూస్తే కొత్తగా, కాస్త భయంగా, బాగుంది. కాగితం మీది గీతలు కంప్యూటరులోకెక్కి యంత్రానికి చేరాయి. ఇరుకు మూల రాగానే యంత్రం మూలిగింది. పట్టీ పటుక్కున విరిగింది. ఓనరు ఇంకోసారి పెట్టించాడు. ఈసారి మూల మొద్దుబారి బొటనవేలిలా వచ్చింది.

"బాబాయ్, మీరే చూడాలి," అని ఈసారి ఒక్కసారే అన్నాడు ఓనరు.

బాబాయి లేచాడు. పట్కారు తీసుకున్నాడు. మధ్యాహ్నానికల్లా ఆ మూల కత్తి మొనలా తేలింది.

ఆమె చూస్తూ నిలబడింది. ఎక్కడో ఒక గుమ్మం తెరుచుకున్నట్టయింది. ఆ రాత్రిలోగా అక్షరమాల మొత్తం గీసేసింది.

వర్క్‌షాపులో ఆ అక్షరాలకు 'రేపు' అని పేరుపడింది. ఊరు వాటి వెంట పడింది. జిమ్మువాడు వాటిలో కండ చూశాడు, స్కూటర్లవాడు వేగం చూశాడు, సినిమావాళ్ళు యుద్ధం చూశారు. ఆమెకు మాత్రం అవి ఎందుకు పనికొస్తాయో, ఎందుకు పనికిరావో బాగా తెలుసు. దూరం నుంచి, పెద్దగా, ఒకటి రెండు మాటలకే అవి. కేకకు సరిపోతాయి, కబురుకు సరిపోవు. వాటితో ఎవరికైనా ఉత్తరం రాస్తే, చదివేవాడి కళ్ళు గీరుకుపోతాయి.

ఇక యంత్రమూ ఊరుకోలేదు. బాగుచేసేవాళ్ళు వచ్చి బిగించి వెళ్ళినప్పుడల్లా అది ఇంకాస్త ఇరుకు మూల నేర్చుకునేది. అది నేర్చుకున్నప్పుడల్లా ఆమె ఇంకాస్త ఇరుకు చేసేది. ఒక మూల అంటే ఒక పూట. అక్షరానికి రెండు మూలలు ఎక్కువ పెడితే, బాబాయి బల్ల దగ్గర ఇంకో రోజు. ఆమె గీసేది అక్షరాలు కాదు, ఆ మనిషి చుట్టూ కంచె.

అక్షరం తూకం చూడాలంటే కాగితాన్ని తలకిందులు చేసి చూడాలి. అప్పుడు కన్ను చదవడం మానేసి ఆకారాన్ని చూస్తుంది; ఏ పక్క బరువెక్కువైందో తెలుస్తుంది. ఆ పనిలో ఉన్నవాళ్ళందరూ అంతే చేస్తారు. చివర్లో మాత్రం కాగితాన్ని మళ్ళీ నిలబెట్టి, దారినపోయే మనిషిలా ఒకసారి చదవాలి. ఆమె ఆ రోజుల్లో నిలబెట్టడం మరిచిపోయింది. తలకిందులుగానే గీసి, తలకిందులుగానే దిద్ది, తలకిందులుగానే తీసుకెళ్ళి బాబాయి ముందు పెట్టేది.

"మళ్ళీ మూలలేనా? ఇదేం అక్షరమమ్మా, పళ్ళ డాక్టరు బోర్డుకిస్తే మెట్లెక్కకముందే పన్ను ఊడొస్తుంది."

"కష్టమా బాబాయ్?"

"కష్టమేముంది, వేలికో ఉంగరం చేయించావు నాకు," అని ప్లాస్టర్లు చుట్టిన వేళ్ళు ఆడించేవాడు. ఆమె నవ్వేది. ఆ ప్లాస్టర్లు నిజంగానే ఆమెకు ఉంగరాల్లా కనిపించేవి.

చివరికి పిల్లల డాక్టరొకడు తన ఆసుపత్రికి బోర్డు అడిగాడు. ఊరంతా ఉన్న అక్షరాలే తనకూ కావాలన్నాడు. అప్పటికి యంత్రం బాగా ఆరితేరింది. అందుకని ఆమె కూడా ఎన్నడూ లేనంత పదును పెట్టింది. ఒత్తులు మేకుల్లా దిగాయి. గుడులు రంపపు పళ్ళయ్యాయి. బాబాయి ఆ బోర్డు మీద ఎన్నడూ లేనంత కాలం కూర్చున్నాడు, ఎన్నడూ లేనంత తక్కువ మాట్లాడాడు. అది ఆమె గమనించింది. పని గట్టిది కదా, అందుకే అనుకుంది.

బోర్డు పెట్టిన కొన్నాళ్ళకే డాక్టరు తనే వర్క్‌షాపుకు వచ్చాడు. కోపంగా లేడు. తన అవస్థకు తనకే నవ్వొస్తున్నట్టుంది.

"మేడమ్, పిల్లలు ఇంజక్షన్ చూసి ఏడుస్తారు. అది నాకు అలవాటే. బోర్డు చూసి ఏడవడం మాత్రం ఇదే మొదలు."

"అయ్యయ్యో, అయ్యయ్యో," అన్నాడు ఓనరు.

"నిన్న ఒక తల్లి, పిల్లాణ్ని భుజాన వేసుకుని, సరిగ్గా మా బోర్డు కింద నిలబడి, పిల్లల డాక్టరెక్కడండీ అని నన్నే అడిగింది. తలెత్తి చూడమన్నాను. చూసింది. చూసి, ఎక్కడండీ అని మళ్ళీ అడిగింది."

అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు.

"మేడమ్, కాస్త గుండ్రం చేసిపారేయండి," అన్నాడు ఓనరు. "గుండ్రం. మధ్యాహ్నానికి యంత్రం తీసేస్తుంది."

"చెయ్యను."

అంతవరకూ ఆ వర్క్‌షాపులో ఆమె ఎవరికీ ఆ మాట చెప్పి ఎరగదు. కోత మిషను దగ్గరివాడు చెయ్యి ఆపాడు. ఓనరు రెండోసారి అనడం కూడా మరిచిపోయాడు.

"ఎందుకు మేడమ్?"

"గుండ్రం చేస్తే బాబాయికి పనుండదు."

అనేశాక ఆమెకే వినిపించింది, ఆ మాట ఎంత గట్టిగా వచ్చిందో. తన అక్షరాల్లాగే వచ్చింది. బాబాయి పట్కారు కింద పెట్టాడు. డాక్టరు పనేదో గుర్తొచ్చినట్టు బయటికి నడిచాడు. "ఇలా రామ్మా," అని బాబాయి ఆమెను వెనక వరండాలోకి తీసుకెళ్ళాడు. అక్కడ విరిగిన పట్టీ ముక్కలు గుట్టగా పోసి ఉన్నాయి. ఎండ వాటి మీద పడి కళ్ళలోకి కొడుతోంది.

"ఆ యంత్రం తెప్పించమన్నది నేనేనమ్మా."

ఆమెకు అర్థం కాలేదు.

"ఈ రెండు వేళ్ళకీ స్పర్శ పోయి చాలా రోజులైంది. టీ గ్లాసు కాలుతోందో చల్లారిందో పెదాలకు తప్ప తెలీదు. మా అమ్మాయి వచ్చెయ్యి నాన్నా, వచ్చెయ్యి నాన్నా అని పోరుతోంది. సరే, యంత్రమొస్తే ఒక మూలన కూర్చుంటాలే అనుకున్నాను. నీ మూలలు కూర్చోనిస్తేగా!"

"మరి చెప్పలేదేం బాబాయ్?"

"ఎప్పుడు చెప్పను? నోరు తెరిచేసరికి కొత్త కాగితం పట్టుకుని నిలబడేదానివి, పరీక్షలో ఫస్టొచ్చిన పిల్లలాగ. నేను వంచకపోతే అది కాగితం మీదే ఉండిపోతుంది. నీ మొహం చూసి ఎలా చెప్పను?"

"మీరు వెళ్ళిపోతారని..."

"తెలుసు."

"తెలిసే వంచారా?"

"తెలిసే వంచాను. కోపమొచ్చి కూడా వంచాను. ఒక్కో రోజు నీ కాగితం నాలుగు ముక్కలు చేసి నీ చేతిలో పెట్టాలనిపించేది." ఆయన గుట్టలోంచి ఒక విరిగిన ముక్క తీసి చూశాడు. "అక్షరాలు బాగున్నాయి కాబట్టి బతికిపోయావు."

ఆమె ఆయన చేతుల కేసి చూసింది. ప్లాస్టర్ల కింద గోళ్ళు నల్లబడి ఉన్నాయి. చూపుడు వేలి కొసన చర్మం పలకలా గట్టిపడింది. రోజూ ఆ వేళ్ళ పక్కనే నిలబడింది. ఆకారం చూసింది గానీ, ఒక్కసారీ చదవలేదు.

లోపలికి వచ్చి, పిల్లల ఆసుపత్రి కాగితాన్ని బల్ల మీద నిటారుగా నిలబెట్టింది. గది ఆ చివరికి వెళ్ళి, దారినపోయే మనిషిలా తలెత్తి చూసింది. తను రాసిందే తనకు చదవడం రాలేదు. ఒకటో తరగతి పిల్లలా కూడబలుక్కుంది. రెండో మాట దగ్గర ఆగిపోయింది. అక్కడ మాట లేదు. ఎవరినీ దగ్గరికి రానివ్వని గాజుపెంకుల గోడ ఉంది.

అప్పుడు మళ్ళీ గీయడానికి కూర్చుంది. వంపులు తిరిగి పెట్టలేదు. ఆ అక్షరాలకు వంపు ఇక పడదు. మూలలనే విప్పింది. బిగిసిన పిడికిలిని ఒక్కొక్క వేలూ తెరిచినట్టు, ప్రతి సందునూ కాస్త కాస్త వెడల్పు చేసింది. మేకులను వెనక్కి లాగింది. రంపపు పళ్ళు తీసి, మెట్లు పెట్టింది. ముందుకు వాలే పరుగు తగ్గించి, అక్షరాలను ఒక చోట నిలబెట్టింది. వెడల్పు మూలలు యంత్రం తేలిగ్గా తిప్పుతుందని ఆమెకు తెలుసు. గీసే ప్రతి గీతతోనూ ఆ మనిషిని తనే గుమ్మం దాకా దిగబెడుతున్నట్టు తెలుస్తూనే ఉంది. చెయ్యి ఆగినచోటల్లా స్కేలు గట్టిగా నొక్కి పట్టుకుని మళ్ళీ గీసింది.

యంత్రం ఆ పట్టీని మూలగకుండా తిప్పింది.

"వచ్చింది, వచ్చింది!" అన్నాడు ఓనరు.

బాబాయి ఆ వారం చివర వెళ్ళిపోయాడు. పట్కారును గుడ్డలో చుట్టుకున్నాడు.

"అదెందుకు బాబాయ్ ఇంక?" అని కోత మిషను దగ్గరివాడు అడిగాడు.

"కాలిగోళ్ళు తీసుకోవడానికైనా పనికొస్తుందిరా," అన్నాడు.

ఆమెతో మాత్రం, "చూడ్డానికి రామ్మా ఒకసారి," అన్నాడు. వస్తానంది. ఇద్దరూ తలూపారు. వెళ్ళడమనేది ఆ తలూపడంలోనే అయిపోయిందని ఇద్దరికీ తెలుసు.

తర్వాతి రోజులు ఆమె ఊహించుకున్న తెల్లగోడలాగే ఉన్నాయి. బాబాయి బల్లను పక్కకు జరిపి, అక్కడ పట్టీ చుట్టలు పేర్చారు. ఆమె గీసింది ఇప్పుడు కంప్యూటరులోంచి తిన్నగా యంత్రానికి వెళ్ళేది. మధ్యలో ఎవరూ బొటనవేలితో నడవరు. టీ వచ్చేది, చల్లారేది. "బాగుంది మేడమ్, బాగుంది," అనేవాడు ఓనరు. బాగుందనడానికీ, బలిసిందనడానికీ మధ్య ఎంత దూరముందో ఆమెకు అప్పుడు తెలిసొచ్చింది.

ఒక మధ్యాహ్నం అందరూ భోజనానికి వెళ్ళిన వేళ, పాత కాగితాల్లోంచి ఒక అక్షరం తీసింది. మొదటి రోజుల్లోది, యంత్రం విరగ్గొట్టిన మూల ఉన్నది. ఎవరూ అడగలేదు, ఏ బోర్డుకూ కాదు. చుట్టలోంచి మూరెడు పట్టీ కత్తిరించి, కొత్త పట్కారుతో పట్టి వంచింది. పట్టీ రెండుగా విరిగి, దాని అంచు అరచేతిని గీసుకుంటూ పోయింది. రక్తం చూసి ఆమె భయపడలేదు. ఇది ఆయనకు ఎన్నిసార్లయి ఉంటుందో అనుకుంది. రుమాలు చుట్టుకుని, రెండో చేత్తో ఫోను చేసింది.

"బాబాయ్, నేను."

"ఏంటమ్మా, గొంతు అలా ఉంది?"

"పట్టీ వంచాను. తెగింది."

"పట్టీనా, చెయ్యా?"

"రెండూ."

అవతల చాలాసేపు నవ్వు. దగ్గు. మళ్ళీ నవ్వు. "ముందు చెయ్యి కడుక్కుని కట్టు కట్టుకో. కట్టుకున్నావా? అయితే విను. ఊరికే వంచితే విరక్కేం చేస్తుంది? మూల వచ్చే చోట, లోపలివైపు, ఆకురాయితో అడ్డంగా ఒక గాటు పెట్టాలి. సగం లోతే. ఎక్కువైతే ఊడొస్తుంది, తక్కువైతే వంగదు."

"సగమని ఎలా తెలుస్తుంది?"

"చెబితే వచ్చేది కాదమ్మా. గోటితో తడుముకోవాలి. నాకు తెలిసేది, ఒకప్పుడు." వెనకాల చిన్నపిల్ల గొంతు తాతయ్యా, తాతయ్యా అని లాగుతోంది. "ఉంటానమ్మా. ఇక్కడ గుర్రం స్వారీ ఉంది. గుర్రాన్ని నేనే."

ఫోను ఆగిపోయింది. వర్క్‌షాపులో యంత్రం కూడా ఆగి ఉంది. బయట ఎవరిదో స్కూటరు స్టార్టవుతూ ఆగుతూ స్టార్టవుతూ ఉంది.

ఆమె కొత్త పట్టీ కత్తిరించుకుంది. గోడకు వేలాడుతున్న ఆకురాయి తీసి, పెన్సిలు గుర్తు మీద నెమ్మదిగా అరగదీయడం మొదలుపెట్టింది. ఆగి, చిటికెన వేలి గోటితో తడిమింది. సన్నటి పల్లం తగిలింది. సగమో కాదో. ఇంకాస్త అరగదీసింది. మళ్ళీ తడిమింది. ఇది చాలునా అని అడగడానికి పక్కన ఎవరూ లేరు.

పట్కారుతో పట్టుకుని వంచింది. పట్టీ కిర్రుమంది గానీ విరగలేదు. ఆమె కాగితాన్ని తిప్పుకుని, తర్వాతి మూల దగ్గర పెన్సిలుతో గుర్తు పెట్టింది.